ఏరేటర్ మోటారుకు ఒకే పుటక: కొనుగోలు టికెట్ నుంచే అసెట్ రికార్డు తయారైన కేస్ స్టడీ

భీమవరం కేంద్రంగా రొయ్యల చెరువులు సాగు చేస్తూ, చుట్టుపక్కల రైతులకు ఏరేటర్లు (చెరువు నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు), డీజిల్ జనరేటర్లు అద్దెకు ఇచ్చే ఒక సంస్థలో నేను కంప్యూటర్ వ్యవస్థల బాధ్యత చూస్తున్నాను. మా సామాను ఒక్క చోట ఉండదు. ఉండి, ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు వైపు చెరువుల మీద కొంత, గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి, మలికిపురం వైపు మరికొంత చెదిరి ఉంటుంది. నరసాపురం రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు చేరిన మోటారు పంట ముగిశాక చించినాడ వంతెన మీదుగా ఇవతలికి తిరిగి వస్తుంది. మధ్యలో అది ఏ గట్టు మీద ఉందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఊరు చెబుతారు. ఆ సంగతి తేల్చవలసిన అసెట్ రిజిస్టరును, అంటే సామాను జాబితాను, చేత్తో నింపడం మాని, కొనుగోలు టికెట్ (కంప్యూటరులో తెరిచే కొనుగోలు అభ్యర్థన) నడిచే దారిలోనే స్క్రిప్టు, అంటే ఒక చిన్న ప్రోగ్రాము, చేత రికార్డు తయారు చేయించిన పనిని, అందులో మేము చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

చెరువుల సంగతి తెలియని వారి కోసం ఒక్క మాట. వనామీ రొయ్యకు 2009లో మన దేశంలో అనుమతి వచ్చిన తరువాత డెల్టాలో సాగు తీరే మారిపోయింది. చెరువులో వదిలే పిల్లల సంఖ్య పెరిగింది, దానితో పాటే ఏరేటర్ మీద ఆధారపడటమూ పెరిగింది. రాత్రిపూట రొయ్యలతో పాటు నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటుంది కనుక, తెల్లవారుజాముకు నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే గట్టు మీద అందరూ డీవో అనేది, రోజంతటిలోకీ తక్కువ స్థాయికి పడిపోతుంది. ఆ వేళ మోటారు కాలిపోతే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. కాబట్టి రాత్రి రెండు గంటలకు మెకానిక్ ఫోనులో టికెట్ తెరిచినప్పుడు ఆ మోటారు ఎన్ని హెచ్‌పీదో, ఎవరి దగ్గర కొన్నదో, గ్యారంటీ ఉందో లేదో, ఇంతకు ముందు ఎన్నిసార్లు వైండింగ్ చేయించారో అక్కడే కనిపించాలి. మా దగ్గర అది కనిపించేది కాదు.

పాత పద్ధతి

టికెట్లకు మేము అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ తయారు చేసిన జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్ వాడుతున్నాం. మాది సొంత సర్వరులో నడిచే డేటా సెంటర్ ఎడిషన్. సామాను వివరాలు దాచుకోవడానికి దానిలోనే అసెట్స్ అనే భాగం ఉంది. పాతవారు దానిని ఇప్పటికీ ఇన్‌సైట్ అనే అంటారు; దానిని తయారు చేసిన మైండ్‌విల్ సంస్థను 2020లో అట్లాసియన్ కొనుక్కుంది, ఆ తరువాత పేరు మారింది. పేరు మారినా స్క్రిప్టులో రాయవలసిన ప్యాకేజీల (కోడ్ విభాగాల) పేర్లలో పాత పేరు అలాగే మిగిలిపోయింది. కొత్తగా నేర్చుకునేవారు “అసెట్స్” అని వెతికి, దొరక్క, ఒక పూట పోగొట్టుకునే చోటు ఇదే.

ఇంత సదుపాయం ఉన్నా, సరుకు వచ్చిన సంగతిని మా వాళ్లు మూడు చోట్ల రాసేవారు. లారీ దిగగానే స్టోర్‌కీపరు గారు ఇన్‌వర్డ్ పుస్తకంలో ఎక్కించేవారు. ఆ తరువాత కొనుగోలు టికెట్‌ను “సరుకు అందింది” అనే దశకు జరిపి చలానా ఫొటో జత చేసేవారు. అసెట్స్‌లో ఒక్కొక్క మోటారుకు విడిగా రికార్డు తెరిచి సీరియల్ నంబరు, మోడలు, సప్లయరు, బిల్లు తేదీ, గ్యారంటీ గడువు టైపు చేసే మూడో పని మాత్రం తీరిక దొరికే రోజుకు వాయిదా పడేది. పంటకు సీడ్ (రొయ్య పిల్లలు) వదలడానికి ముందు కొనుగోళ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, సరిగ్గా అప్పుడే ఆయనకు తీరిక ఉండదు. ఉదయం దిగిన మోటార్లు సాయంత్రానికి గట్టు మీదికి వెళ్లిపోయేవి. వాటి రికార్డులు మాత్రం వారాలు గడిచాక, మోటారు ఎదురుగా లేకుండా, చలానాలోని మసక అక్షరాలు చూసి రాసినవి.

దీనివల్ల రిజిస్టరులో రికార్డు లేని మోటార్లు, మోటారు లేని రికార్డులు, ఒకే మోటారుకు రెండేసి రికార్డులు పేరుకుపోయాయి. తన ముందున్న మోటారు జాబితాలో దొరకని మెకానిక్, రాత్రివేళ వెతుకుతూ కూర్చోలేక, జాబితాలో పైన కనిపించినదాన్ని ఎంచుకుని ముందుకు పోయేవాడు. ఆ పుణ్యాన మా రిజిస్టరులోని మొట్టమొదటి మోటారుకు లోకంలో ఏ మోటారుకూ లేనంత రోగాల చరిత్ర పోగైంది. స్టోరులో ఒకనాడు రెండు రికార్డులను పక్కపక్కన పెట్టి చూపిస్తే స్టోర్‌కీపరు గారు కళ్లజోడు సవరించుకుని, “ఒక్క మోటారుకి రెండు పుటకలేంటండీ బాబూ” అన్నారు. ఆ తరువాత ఈ పనిని మా ఆఫీసులో అందరూ “పుటకల పని” అనే పిలిచారు. పేరు సరదాగా పెట్టినదే అయినా, అసలు చిక్కు ఎక్కడుందో ఆ మాటలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

రికార్డు ఎప్పుడు పుట్టాలి

స్క్రిప్టు రాయడం ఈ పనిలో చిన్న భాగం. కొనుగోలు టికెట్ కోరిక దగ్గర మొదలై మేనేజరు ఆమోదం, ఆర్డరు, సరుకు రాక, తనిఖీ, చెరువుకు పంపడం, ముగింపు అనే దశల మీదుగా నడుస్తుంది. ఈ దారిలో ఏ అడుగు దగ్గర మోటారు “ఉంది” అని మనం ఒప్పుకుంటామో నిర్ణయించడమే పెద్ద భాగం.

నేను మొదట ఆమోదం దగ్గర పెట్టాను. మోడలు, సప్లయరు, ధర, ఎన్ని కావాలన్నది అన్నీ అప్పటికే టికెట్‌లో ఉంటాయి కదా, సగం పని ముందే అయిపోతుంది అనుకున్నాను. అది తప్పని తేలడానికి ఒక సీజను కూడా పట్టలేదు. ఆమోదించినన్ని రావు. 2 హెచ్‌పీ మోటార్లు అడిగితే స్టాకు లేదని కొన్ని 1 హెచ్‌పీవి పంపుతారు, మిగిలినవి రెండో లారీలో వస్తాయి, కొన్ని అసలే రావు. స్క్రిప్టు మాత్రం కాగితం మీది సంఖ్యకు సరిపడా సీరియల్ నంబరు ఖాళీగా ఉన్న రికార్డులు పుట్టించి పెట్టేది. చేత్తో రాసిన రోజుల్లో మోటారు లేని రికార్డులు ఒక్కొక్కటిగా పేరుకునేవి. వాటిని నేను యంత్రంతో కుప్పలుగా తయారు చేశాను.

అటు తరువాత ముగింపు దశకు జరిపాను. అదీ నిలవలేదు, ఎందుకంటే చెరువుకు పంపిన తరువాతే టికెట్ ముగుస్తుంది. మొదటి రాత్రే మోటారు మొరాయిస్తే మెకానిక్‌కు మళ్లీ రికార్డు దొరకదు.

చివరకు తనిఖీ దశ దగ్గర స్థిరపడ్డాం. స్టోరులో ప్రతి మోటారునూ కొంతసేపు తిప్పి చూసి, వేడెక్కడం, చప్పుడు, కరెంటు ఎంత తీసుకుంటోందన్నది గమనించి, బాగుంటేనే లోపలికి తీసుకుంటారు. ఆ నిమిషంలో మోటారు కళ్ల ముందు ఉంటుంది, దాని పేరు పలక చదవడానికి వీలుగా ఉంటుంది, అది మనదని తేలిపోయి ఉంటుంది. మరో కారణం కూడా ఉంది, అది ఈ ప్రాంతానికే చెందినది. ఉప్పునీటి చెరువు మీద తేలే మోటారు పేరు పలకకు తుప్పు పట్టి, అక్షరాలు చెరిగిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. కంపెనీ ఇచ్చిన సీరియల్ నంబరు కొత్తలో మాత్రమే నమ్మదగిన గుర్తు. కాబట్టి మోటారు స్టోరు దాటకముందే దాని ఒంటి మీద మా సొంత నంబరును పంచ్ చేయాలి. ఆ సొంత నంబరు అసెట్స్ తనంతట తానే ప్రతి రికార్డుకూ ఇచ్చే కీ తప్ప మరొకటి కాదు. అంటే పంచ్ చేయాలంటే ముందు రికార్డు పుట్టి ఉండాలి, రికార్డు పుట్టాలంటే మోటారు చేతిలో ఉండాలి. ఈ రెండు షరతులూ కలిసే చోటు దారి మొత్తంలో అదొక్కటే.

స్క్రిప్టు చేసే పని

స్క్రిప్ట్‌రన్నర్ అనే యాడాన్‌లో గ్రూవీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, “తనిఖీ పూర్తి” అనే ట్రాన్సిషన్‌కు పోస్ట్ ఫంక్షనుగా, అంటే టికెట్ ఒక దశ నుంచి మరో దశకు మారే ఆ అడుగుతో పాటే తనంతట తాను నడిచే పనిగా, తగిలించాం. స్టోర్‌కీపరు ఆ మీట నొక్కినప్పుడు తెర మీద ఒక పెద్ద పెట్టె తెరుచుకుంటుంది. దానిలో పేరు పలకలు చూసి వరసకు ఒక సీరియల్ నంబరు చొప్పున టైపు చేస్తారు. స్క్రిప్టు ఆ వరసలను విడదీసి, ఒక్కొక్కదానికీ మోటారు అనే ఆబ్జెక్ట్ టైపులో (రికార్డుల రకంలో) కొత్త రికార్డును సిద్ధం చేసి, టికెట్‌లోని విలువలను దాని యాట్రిబ్యూట్లలో (వివరాల గడులలో) నింపి భద్రపరుస్తుంది. ఆ తరువాత పుట్టిన కీలన్నింటినీ టికెట్‌లోని అసెట్ ఫీల్డులో పెట్టి, పంచ్ చేయవలసిన నంబర్ల జాబితాను కామెంటుగా రాస్తుంది. స్టోర్‌కీపరు ఆ కామెంటును ప్రింటు తీసుకుని పంచ్ సెట్టు పట్టుకుని మోటార్ల దగ్గరకు వెళతారు.

మోడలు, సప్లయరు వంటివి మోటారు రికార్డులో అక్షరాలుగా ఉండవు, వేరే రికార్డులకు చూపే రిఫరెన్సులుగా ఉంటాయి. రిఫరెన్సు యాట్రిబ్యూట్‌కు పేరు రాసి ఇస్తే కుదరదు. ఆ పేరు గల రికార్డు ఏదో వెతికి, దాని కీ ఇవ్వాలి. టికెట్ ఫారంలోనే సాధారణ డ్రాప్‌డౌన్ తీసేసి, అసెట్స్ నుంచి నేరుగా ఎంచుకునే ఫీల్డు పెట్టాక మోడలు, సప్లయరు విషయంలో వెతికే పనే లేకుండా పోయింది. ఊళ్ల విషయంలో అంత తేలికగా తెమలలేదు, అది తరువాత చెబుతాను.

పోస్ట్ ఫంక్షన్ల వరుస గురించి ఒక హెచ్చరిక. టికెట్‌లో జరిగిన మార్పులను డేటాబేసులో భద్రపరిచే అడుగు ఆ వరుసలో ఒకటి ఉంటుంది. మన స్క్రిప్టు దానికంటే ముందుంటే, టికెట్ ఫీల్డులో పెట్టిన విలువ ఆ అడుగుతో పాటే భద్రమవుతుంది. తరువాత ఉంటే, విలువ తాత్కాలికంగా మారినట్టు ఉండి ఎక్కడా నిలవదు; విడిగా అప్‌డేట్ చేయాలి. నేను కొత్త ఫంక్షనును అలవాటు కొద్దీ వరుస చివర పడేశాను. రికార్డులు చక్కగా పుట్టేవి, టికెట్‌లో మాత్రం వాటి జాడ ఉండేది కాదు. రెండు రోజులు స్క్రిప్టు లోపల తప్పు వెతికాను; తప్పు అది కూర్చున్న చోటులో ఉంది.

సీరియల్ నంబరు యాట్రిబ్యూట్‌ను పూర్ణాంకంగా కాక అక్షరాలుగా నిర్వచించడం కూడా మేము దెబ్బ తిని నేర్చుకున్నదే. అంకెగా పెడితే ముందున్న సున్నాలు రాలిపోతాయి. సప్లయరు ఎక్సెల్ షీటులో పంపిన నంబర్లను నమ్మకపోవడానికి కారణమూ ఇలాంటిదే: ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా గుర్తుంచుకుంటుంది, అంతకు మించిన పొడవైన నంబరులో చివరి అంకెలను సున్నాలు చేస్తుంది. తేదీల సంగతి మరీ అన్యాయం. అమెరికా పద్ధతిలో అమర్చి ఉన్న కంప్యూటరులో మన పద్ధతిలో రాసిన తేదీని తెరిస్తే, రోజు 12కు మించితే అది తేదీగా మారక అక్షరాలుగా మిగిలిపోయి కనీసం అనుమానం కలిగిస్తుంది, 12 లోపు ఉంటే నెల, రోజు తారుమారై నిక్షేపంగా కనిపిస్తుంది. గ్యారంటీ గడువులు కొన్ని నెలలు ముందుకూ వెనక్కూ జరిగిన సంగతి ఒక మోటారు వాపసు చేయబోయి వివాదంలో పడినప్పుడు బయటపడింది. అప్పటి నుంచి బిల్లు తేదీని టికెట్‌లోని క్యాలెండరు నుంచే ఎంచుకుంటున్నాం, గడువును స్క్రిప్టే లెక్క కడుతోంది.

ఊళ్ల పేర్లు

కోరిక పంపే చెరువు సూపర్‌వైజర్లు చేరవలసిన ఊరిని తెలుగులో, తమకు తోచినట్టు టైపు చేసేవారు. స్క్రిప్టు ఆ పేరుతో స్థలాల రికార్డులలో వెతికేది. దొరకకపోతే కొత్త స్థలాన్ని తనే పుట్టించేది. ఇది నేను గొప్ప సదుపాయం అనుకుని రాసిన భాగం.

నెల తిరిగేసరికి మాకు మూడు కాళ్ళలు వచ్చాయి. ఒకటి ళకు ళ వత్తు ఇచ్చినది, ఒకటి ళకు ల వత్తు ఇచ్చినది, మూడోదానికి మొదటిదానికి కంటితో చూస్తే ఏ తేడా లేదు. ఎంతో తరచి చూస్తే తేలిందేమంటే, ఫోను కీబోర్డు ఒకటి పదం చివర కనిపించని అక్షరం ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనేది, అంటించి వదిలింది. మనిషికి ఒకటే ఊరు, కంప్యూటరుకు రెండు. నరసాపురానికి నర్సాపురం తోడయింది, మలికిపురం పక్కన మల్కిపురం వెలిసింది. ఇవి తప్పులు కావు, ఇక్కడి వారు రెండు విధాలా రాస్తారు, బస్సుల మీదా రెండూ కనిపిస్తాయి.

జిల్లా పేరు ఇంకో తలనొప్పి. పాత షీటు నుంచి తెచ్చిన రికార్డులలో ప్రతి మోటారు పక్కనా జిల్లా పేరు అక్షరాలుగా రాసి ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సఖినేటిపల్లి, మలికిపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వెళ్లాయి. ఆ ఏడాదే ఆ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారింది. మోటార్లు ఉన్న చోటనే ఉన్నాయి, వాటి జిల్లా మాత్రం రెండుసార్లు మారింది. జిల్లా అన్నది ఊరి గుణం, మోటారు గుణం కాదు. దానిని ఊరి రికార్డులో ఒక్క చోట ఉంచి, మోటారును ఊరికి మాత్రమే ముడి వేస్తే మార్పు ఒక్కొక్క ఊరికి ఒక్కసారి చేస్తే సరిపోతుంది. ఈ మాట పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయంలోనే ఉంటుంది, అయినా మేము జిల్లాల విభజన దాకా ఆగి నేర్చుకున్నాం.

ఇప్పుడు స్క్రిప్టుకు రిఫరెన్సు రికార్డులను పుట్టించే హక్కు లేదు. మోటారును పుట్టించవచ్చు, ఊరిని, సప్లయరును, మోడలును పుట్టించకూడదు. ఈ తేడా నేను గట్టిగా పట్టుకునే విషయం. లారీ దిగిన ప్రతిసారీ కొత్త మోటార్లు వస్తాయి, కానీ కొత్త ఊరు, కొత్త మోడలు అరుదుగా వస్తాయి. అరుదుగా వచ్చేదానిని ఒక మనిషి చూసి ఒప్పుకోవడం వల్ల జరిగే ఆలస్యం, తప్పుగా పుట్టినదానిని ఏరివేయడంలో జరిగే శ్రమ ముందు లెక్కలోకి రాదు. ఊరి పేరును టైపు చేసే పెట్టె తీసేశాం. జాబితా నుంచే ఎంచుకోవాలి; వెతకడానికి వీలుగా ఒక్కొక్క ఊరి రికార్డులో ఇతర రూపాలను కూడా రాసి ఉంచాం, నర్సాపురం అని వెతికినా నరసాపురమే దొరుకుతుంది.

రెండు పుటకలు

చేత్తో రాసినప్పటి రెండు రికార్డుల జబ్బు స్క్రిప్టు వచ్చాక పోతుందనుకున్నాం. పోలేదు, రూపం మార్చుకుంది.

ఒక లాటులో రెండు మోటార్ల బేరింగులు చప్పుడు చేస్తున్నాయని తనిఖీ తరువాత తెలిసింది. టికెట్‌ను వెనక్కి సరుకు రాక దశకు జరిపి, ఆ రెంటినీ వాపసు పంపి, మార్చినవి వచ్చాక మళ్లీ “తనిఖీ పూర్తి” నొక్కారు. స్క్రిప్టు తన ధర్మం ప్రకారం పెట్టెలో ఉన్న వరసలన్నింటికీ మళ్లీ రికార్డులు పుట్టించింది. వర్క్‌ఫ్లోలో వెనక్కి పోయే దారి ఉన్నప్పుడు, ఏ ట్రాన్సిషన్ మీది స్క్రిప్టయినా రెండోసారి నడుస్తుందని ముందే అనుకుని రాయాలి. ఇప్పుడు ప్రతి వరసకూ ముందు అసెట్స్‌లో వెతకడానికి వాడే భాష ఏక్యూఎల్‌తో వెతికి, ఆ మోటారు రికార్డు ఉంటే దానినే టికెట్‌కు కలుపుతుంది, లేకపోతేనే కొత్తది పుట్టిస్తుంది. వాపసు వెళ్లిన మోటారు రికార్డును చెరిపివేయకుండా దాని స్థితిని “వాపసు” అని మారుస్తాం. అదే మోటారు బాగు చేయబడి మరో లాటులో మన దగ్గరకే తిరిగి వచ్చిన సందర్భం ఒకటి ఉంది.

సీరియల్ నంబరు ఒక్కటే చూసి వెతకడం కూడా చాలదు. రెండు వేర్వేరు కంపెనీలు ఒకే నంబరు వాడటంలో వింత లేదు, వారి లెక్కలు వారివి. అందుకని కంపెనీ సంక్షిప్త నామం, సీరియల్ నంబరు కలిపి ఒక గుర్తింపు యాట్రిబ్యూట్‌గా తయారు చేశాం. కలిపే ముందు స్క్రిప్టు ఖాళీలు, అడ్డగీతలు తీసేసి, ఆంగ్ల అక్షరాలన్నీ పెద్దవి చేస్తుంది. ఆంగ్ల ఓ అక్షరాన్ని సున్నాగా, ఐ అక్షరాన్ని ఒకటిగా మార్చేస్తే బాగుంటుందని మా కుర్రాడొకడు సూచించాడు. నేను ఒప్పుకోలేదు. కొన్ని కంపెనీల నంబర్లలో ఆ అక్షరాలు నిజంగానే ఉంటాయి; అక్కడ స్క్రిప్టు తెలివి చూపడం కంటే స్టోర్‌కీపరు పేరు పలక దగ్గరకు మరొకసారి వెళ్లి చూడటం మేలు.

ఇంత చేశాక కూడా జంటలు అప్పుడప్పుడు పుట్టాయి. కారణం పట్టుకోవడానికి సర్వరు జరిగినవన్నీ రాసుకునే లాగ్ ముందు చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. మా స్టోరులో ఇంటర్నెట్ నెమ్మది. నలభై మోటార్ల లాటుకు స్క్రిప్టు నడిచేంత సేపూ తెర కదలదు, నొక్కిన మనిషికి నొక్కుడు పడలేదేమో అనిపిస్తుంది, మళ్లీ నొక్కుతాడు. రెండు నడకలు దాదాపు ఒకే సమయంలో మొదలై, రెండూ “ఈ మోటారు రికార్డు లేదు” అనే జవాబే పొంది, రెండూ పుట్టిస్తాయి. వెతకడానికీ పుట్టించడానికీ నడుమ ఉన్న ఆ చిన్న సందును స్క్రిప్టు లోపలి నుంచి పూర్తిగా మూయడం కష్టం. అసెట్స్‌లోనే యాట్రిబ్యూట్‌ను యూనిక్ అని గుర్తించే అమరిక ఉంది. గుర్తింపు యాట్రిబ్యూట్‌కు దానిని పెట్టాక రెండో రికార్డును భద్రపరచడానికి వ్యవస్థే నిరాకరిస్తోంది. నిజం చెప్పాలంటే ఇది మొదటి రోజే పెట్టవలసింది. అప్పటికే ఉన్న జంటల వల్ల ఆ అమరిక పెట్టే ముందు పాత రికార్డులన్నీ శుభ్రం చేయవలసి వచ్చింది, దానికే ఎక్కువ రోజులు పట్టింది.

నిశ్శబ్దంగా జరిగే తప్పు

పోస్ట్ ఫంక్షనులో స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే, ఆ సంగతి సర్వరు లాగ్‌లో పడుతుంది. టికెట్ మాత్రం ఏమీ జరగనట్టు ముందు దశకు వెళ్లిపోతుంది. స్టోర్‌కీపరు లాగ్ చూడరు, చూడవలసిన అవసరమూ లేదు. కాబట్టి ఆపదగిన తప్పులన్నింటినీ అంతకు ముందే ఆపే వ్యాలిడేటరును విడిగా రాశాం: వరసల సంఖ్య అందిన మోటార్ల సంఖ్యకు సరిపోవాలి, ఒకే నంబరు రెండు వరసలలో ఉండకూడదు, మోడలు ఖాళీగా ఉండకూడదు. తప్పు ఉంటే ట్రాన్సిషన్ జరగదు, కారణం తెలుగులో తెర మీద కనిపిస్తుంది. “ఏడో వరస, మూడో వరస ఒకటే” అని చెప్పినప్పుడు మనిషి సరిదిద్దుకోగలడు. “యాట్రిబ్యూట్ చెల్లదు” అని చెబితే నాకు ఫోను చేస్తాడు.

వ్యాలిడేటరు దాటాక జరిగే తప్పులకు, ఒక్కొక్క మోటారు పనినీ విడివిడిగా నడిపి, ఒకటి విఫలమైనా మిగిలినవి ఆగకుండా చూసి, పుట్టినవి ఏవి, పుట్టనివి ఏవి అన్నది టికెట్ కామెంటులో రాస్తున్నాం. ఇంకా ప్రతి రాత్రీ నిర్ణీత వేళకు తనంతట తానే నడిచే ఒక షెడ్యూల్డ్ జాబు తనిఖీ దాటిన టికెట్లన్నీ చూసి, అందిన సంఖ్యకు, టికెట్‌కు కలిపిన రికార్డుల సంఖ్యకు తేడా ఉన్నవాటి జాబితా నాకు పంపుతుంది. చాలా రోజులు ఆ జాబితా ఖాళీగా వస్తుంది. ఖాళీ అయినా పంపించమనే పెట్టాను. రాని రోజున జాబు ఆగిపోయిందని తెలుస్తుంది.

స్క్రిప్టును తెర మీది పెట్టెలో అతికించకుండా ఫైలుగా ఉంచి, పాత మార్పులన్నీ గుర్తుంచుకునే గిట్‌లో దాచడం, యాట్రిబ్యూట్ల ఐడీలు టెస్టు సర్వరులో ఒకటి, అసలు సర్వరులో ఒకటి ఉంటాయి కనుక వాటన్నింటినీ ఒక్క చోట రాసి పెట్టుకోవడం వంటివి ఈ పని చేసేవారందరికీ తెలిసినవే. తెలిసినా నేను మొదట చేయలేదు.

ఏం మారింది

రికార్డులు టైపు చేయడంలో పోయే స్టోర్‌కీపరు గారి ఆదివారాలు ఆయనకు తిరిగి వచ్చాయి. మెకానిక్ తన ముందున్న మోటారు మీద పంచ్ చేసిన నంబరును టైపు చేస్తే దాని జన్మ చరిత్ర అంతా వస్తోంది. గ్యారంటీలో ఉన్న మోటారును సొంత ఖర్చుతో వైండింగ్ చేయించడం ఆగింది.

మేము వెతకని సంగతి ఒకటి కూడా బయటపడింది. మోటారుకూ, ఊరికీ, మోటారు కాలిందని తెరిచిన టికెట్లకూ నడుమ ముడులు సరిగ్గా పడ్డాక, ఒక ఊరి చెరువుల మీద మోటార్లు మిగిలిన చోట్ల కంటే తరచుగా కాలిపోతున్నాయని కనిపించింది. అంతకు ముందు దానికి ఫలానా కంపెనీ మోటార్లే కారణమని మా వాళ్లు చెప్పుకునేవారు, ఆ కంపెనీవి కొనడం మానేద్దామన్న చర్చ కూడా నడిచింది. రికార్డులు చూస్తే అక్కడ కాలినవి అన్ని కంపెనీలవీ ఉన్నాయి, అదే కంపెనీవి వేరే ఊళ్లలో నిక్షేపంగా తిరుగుతున్నాయి. లైను చివర ఉన్న ఆ చెరువులలో ఒక ఫేజు పోయినా మోటారు రెండు ఫేజుల మీద తిరగడానికి ప్రయత్నించి వేడెక్కుతోందని ఎలక్ట్రీషియన్ తేల్చారు. స్టార్టరు దగ్గర, ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్లు పెట్టించాం.

తేలనిది

ఏరేటర్ అంటే మోటారు ఒక్కటే కాదు. గేరుబాక్సు, షాఫ్టు, రెక్కల చక్రాలు, తేలే ఫ్లోట్లు కలిస్తే ఏరేటర్. గట్టు మీద రాత్రివేళ ఒకదాని మోటారును తీసి మరొకదాని గేరుబాక్సుకు బిగించి నడిపిస్తారు, అలా చేయడమే సరైనది కూడా. మేము మోటారునే అసెట్‌గా ఎంచుకుని, మిగిలినవన్నీ విడిభాగాలుగా లెక్క కట్టాం. ఖరీదూ, గ్యారంటీ వివాదాలూ ఎక్కువగా దానితోనే ముడిపడి ఉన్నాయన్నది మా వాదన. ఈ మధ్య గేరుబాక్సుకు కూడా విడిగా గ్యారంటీ ఇస్తున్న సప్లయర్లు వచ్చారు, వాటికి సొంత సీరియల్ నంబర్లు ఉన్నాయి. గేరుబాక్సును రెండో ఆబ్జెక్ట్ టైపుగా పెట్టి, ఏ మోటారుకు ఏది బిగించారన్నది ఒక రిఫరెన్సులో ఉంచవచ్చు. పుట్టించే స్క్రిప్టు దాదాపు ఇదే సరిపోతుంది. కానీ బిగింపు మారిన ప్రతిసారీ ఆ రిఫరెన్సును చెరువు గట్టు మీద, చీకట్లో, తడి చేతులతో మార్చవలసింది మెకానిక్. స్టోరులో ఒక్కసారి జరిగే పుటకకు మేము కాపలా పెట్టగలిగాం, గట్టు మీద రోజూ జరిగే మార్పులకు పెట్టలేం. అందుచేత గేరుబాక్సులను ప్రస్తుతానికి ఇన్‌వర్డ్ పుస్తకంలోనే ఉంచాం.